కంప్యూటర్ లేని కంప్లైంటు

ఏం సారూ, కంప్యూటర్ మొరాయిస్తే నెత్తిమీద రెండు తట్టి, ఆపి మళ్ళీ వేసి, మెకానిక్‌నని మీసం తిప్పేది తమరే కదూ? తమరిని మించినవాడు తెలకపల్లి మాసయ్య. ఆయన అసలు కంప్యూటరే లేకుండా దాన్ని బాగు చేయించడానికి బయలుదేరాడు.

నాగర్‌కర్నూల్ బస్టాండు ముందు ఎస్టీడీ బూత్‌లో దూరి తలుపు వేసుకున్నాడు. జేబులో సెల్లుంది. దాన్నుంచి చేస్తే నంబరు దొరికిపోతుందట. మహా తెలివి.

అవతల వనపర్తిలో ఫోనెత్తినవాడు బాలకృష్ణ. ఎరువుల దుకాణాలకు బిల్లులు కొట్టే ప్రోగ్రాం అమ్మే చిన్న ఆఫీసు వాళ్ళది. ఖర్చు తగ్గుతుందని కంప్యూటర్లలో ఉచితంగా దొరికే లినక్స్ వేసి ఇస్తారు. ప్రోగ్రాం మొండికేస్తే ఫోన్‌లోనే దారి చెప్పి సరిచేయించడం ఇతని ఉద్యోగం. మాసయ్య మేనకోడలు అర్చనకు వచ్చిన సంబంధం ఇతనిదే.

మాసయ్య ఊఁ అంటేనే ఆ ఇంట్లో పెళ్ళి. కోపిష్టికి పిల్లనివ్వకూడదని ఆయన పట్టుదల. దానికి ఆయన పరీక్షలు ఆయనకున్నాయి. ముందొచ్చిన బ్యాంకు గుమాస్తా తెల్లచొక్కా మీద కావాలనే చాయ్ ఒలకబోశాడు. గుమాస్తా మొహం ముడిచాడు. పనికిరాడు పొమ్మన్నాడు. తర్వాత అచ్చంపేట పంతులు. ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడిగితే పంతులు గొంతు లేచింది. అతనూ పోయాడు. ఇదీ తప్పిపోతే దూరమైనా సరే రాయచూరు సంబంధం ఖాయం చేసేస్తానని అర్చన తల్లి పెంటమ్మ తేల్చేసింది. ఆ రాయచూరాయన ఫొటో చూసినప్పటి నుంచి అర్చనకు ముద్ద దిగడం లేదు.

“ఓ పిలగా, కల్వకుర్తి ఎరువుల దుకాణం నుంచి మాట్లాడుతున్న. మీ ప్రోగ్రాం తెరుస్తె రెప్పపాటు కనబడ్తది, మాయమైతది. గిది కంప్యూటరా, గారడీనా?”

ఈ మాటలు ఆయనవి కావు. ఎవరో దుకాణదారు మొత్తుకుంటుంటే విని పట్టుకొచ్చి, పొద్దున అక్క వాకిట్లో వేపపుల్ల నములుతూ వల్లె వేసుకున్నవి.

బాలకృష్ణ నెమ్మదిగా, ఒకసారి మిషన్ ఆపి మళ్ళీ వేయమన్నాడు.

“గింత సదివి నువ్వు నేర్చింది ఆపి ఏసుడేనా?”

“మా పనిల సగం గదే పెద్దయ్యా. జర ఏసి సూడుండ్రి, నేను లైన్లనే ఉంట.”

మాసయ్య కప్పుకేసి చూస్తూ నిలబడ్డాడు. బూత్ మీటరు గిర్రున తిరుగుతోంది. కాసేపాగి, వేశానని, మళ్ళీ మాయమైందని చెప్పాడు. అయితే తెర మీద ఆజ్ఞలు కొట్టే నల్ల కిటికీ ఒకటి తెరిచి అందులో ప్రోగ్రాం పేరు కొట్టమన్నాడు బాలకృష్ణ. అలా తెరిస్తే, చచ్చేముందు తన రోగమేమిటో ఆఖరి లైన్లో చెప్పి మరీ చస్తుందట. ఆ లైను చదవమన్నాడు.

మాసయ్య దిక్కులు చూశాడు. అద్దంలోంచి చూస్తే ఎదురుగా ఆగిన బస్సు నంబరు ప్లేటు కనిపించింది. “ఏ... పీ... పదకొండు... జెడ్...” అని కూడబలుక్కుని చదివాడు.

“ఆఁ, సమజైంది. సెట్టింగుల ఫైలు కరాబైంది పెద్దయ్యా.”

బస్సు నంబరులో రోగం కనిపెట్టిన ధన్వంతరి! వీడికి పనీ రాదు, పాడూ రాదని మాసయ్య అక్కడికక్కడే తీర్మానించుకున్నాడు. కానీ తనకు కావాల్సింది పని కాదు, ఓర్పు. అందుకని జోరు పెంచాడు. వీడికి జీతమిచ్చేవాడి బుద్ధినీ, చదువు చెప్పిన బడినీ, ఆ పెట్టె కనిపెట్టినవాడి వంశాన్నీ కడిగేశాడు.

“మీ పని కంటె గొర్లు గాసుడు నయం. గొర్రెనన్న పిలిస్తె వస్తది.”

“నిజమే పెద్దయ్యా. గొర్రె అవద్ధం గూడ ఆడది.”

బాలకృష్ణ గొంతు వెంట్రుకవాసి కూడా పెరగలేదు. చెడిన ఫైలు పేరు మార్చేస్తే ప్రోగ్రాం కొత్తది తానే తయారు చేసుకుంటుందన్నాడు. చుక్కలూ గీతలూ ఒక్కొక్కటే చెప్పి, తిరిగి అప్పజెప్పమన్నాడు. ఓ చుక్క తప్పిందని మొదటినుంచి కొట్టించాడు. పెట్టె వెనక వేడిగా ఉందేమో చెయ్యి పెట్టి చూడమన్నాడు. మాసయ్య గాలిలో చెయ్యి పెట్టి చల్లగా ఉందన్నాడు. తీయకుండా అలాగే ఉంచమన్నాడు. పాపం, ఉంచాడు. బయట ఫోను కోసం నిలబడ్డవాళ్ళు అద్దం మీద కొట్టారు. గాలిని తడుముతున్న పెద్దమనిషిని చూసి ఓ ముసలమ్మ, ఎవరన్నా దవాఖానకు తోలుకపోండ్రని జాలిపడింది.

చివరికి అలిసిపోయింది మాసయ్యే. తెరుచుకుంది, బిల్లు కూడా వచ్చిందని బొంకి ఫోను పెట్టేశాడు. జేబులన్నీ తడుముకుని బూత్ బిల్లు కట్టాడు.

ఇంటికొచ్చి అక్క ముందు కాళ్ళు చాపి కూర్చున్నాడు.

“అక్కా, పిలగానికి పని సున్న. తెలివి ఇంకింత సున్న. బస్సు నంబరు సదివితె కంప్యూటర్ రోగమన్నడు. గని ఓపిక జూడు, భూదేవే. గసుంటి ఎర్రిమాలోకానికే పిల్లనియ్యాలె, మనం జెప్పినట్టు పడుంటడు. ఖాయం జెయ్యి.”

లేని కంప్యూటర్‌తో వాణ్ణి ఎట్లా ఆడించాడో మళ్ళీ మొదటినుంచి చెప్పి తొడ చరుచుకున్నాడు.

అర్చన తలవంచుకుని మామకు మంచినీళ్ళిచ్చి, ఆయన చెంబు దించేలోగా పెరట్లోకి నడిచి, సెల్లు చెవిన పెట్టుకుని గుసగుసగా అంది: “పొద్దుగాల నేను జెప్పినట్టె మా మామ దుకాణదారు ఏషం ఏసిండు గద బాలూ, సంబంధం ఖాయమైంది, ఇగ నువ్వు కడుపార నవ్వుకో.”