నట్టుకో బొట్టు

"వెనక సీటు కింద మనిషి పడుకునేంత చోటు కావాలి," అన్నాడు సోయ్ విన్.

యర్రయ్య చేతిలోని పానా ఆగిపోయింది. పాత పెట్రోలు ఇంజిన్ జీపులోంచి బయటికొచ్చి గొలుసుకు వేలాడుతోంది. దాని చోట్లోకి దించాల్సిన డీజిల్ ఇంజిన్ గోనెపట్టా మీద ఉంది. ఏ మనిషి, ఎందుకు పడుకోవాలి అని అడిగే ధైర్యం యర్రయ్యకు లేదు. పొట్టిగా కత్తిరించిన జుట్టు, నల్ల బూట్లు, పైగా వచ్చింది మింగళాడోన్ నుంచి. ఆ కంటోన్మెంటు వైపు నుంచి వచ్చేవాళ్లను ఈ రోజుల్లో ప్రశ్నలడిగేదెవరు?

"పెగూ దాటాక అడవి దారి. బురద, వాగులు. అక్కడ పెట్రోలు దొరకదు, డీజిలైతే ఏ పల్లెలోనో దొరుకుతుంది. దారిలో ఎక్కడా ఆగిపోకూడదు, సయా."

రంగూన్‌లో మేస్త్రీని గురువుగారూ అన్నట్టు సయా అంటారు. ఎవరైనా అలా పిలిస్తే యర్రయ్య పొంగిపోయేవాడు. ఇవాళ మాత్రం ఒళ్లు జలదరించింది.

"పజుండౌంగ్‌లో ఇన్ని షెడ్లుండగా నా దగ్గరికే ఎందుకొచ్చారు, సోయ్ విన్ గారూ?"

"మీ చేతి పని మంచిదని విన్నాను." ఎవరి దగ్గర విన్నాడో చెప్పలేదు. వెళ్లబోతూ వెనక్కి తిరిగి, "మీకో కొడుకుండాలి కదా?" అన్నాడు.

"ఉ... ఉన్నాడు. బ్యాంకాక్‌లో పని."

సోయ్ విన్ ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి వెళ్లిపోయాడు. యర్రయ్య చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

సూరి బ్యాంకాక్‌లో లేడు. ఇంట్లో అటక మీద ఉన్నాడు. కుర్రాళ్లను బలవంతంగా సైన్యంలోకి లాక్కెళ్లడం మొదలైనప్పటి నుంచి గడప దాటలేదు. పక్కవీధి శంకర్‌ని బస్టాపులో పట్టుకుని జీపెక్కించారు. ఇప్పటికీ వాడి కబురు లేదు. ఆ జీపూ ఇలాంటిదేనని చూసినవాళ్లన్నారు.

"ఆడు మిలట్రీవోడే. సూరిగాడి సంగతి పసిగట్టీసినాడు. నాను ఈ పని సెయ్యనే," అన్నాడు ఇంటికెళ్లి భార్యతో.

సింహాచలమ్మ బియ్యం ఏరుతూనే ఉంది. "కాదంటే అనుమానపడరేటి? సెయ్యి. మనసెట్టి సెయ్యి. బొట్టు మర్సిపోకు."

"నీకు బయం నేదేటే?"

"నీ బయమే ఇద్దరికీ సాలు మావా. మొన్న వార్డు గుమస్తా వొచ్చి ఊరికినే మంచినీల్లడిగితే నువ్వు అటక కేసి సూసినావు. నీ కడుపులో ఏది దాసినా మొకం మీదకొచ్చెస్తాది."

అది నిజం మరి.

బొట్టంటే వాళ్ల ఇంటి పద్ధతి. రేవులో పనికొచ్చిన తాత మొదలెట్టాడు. బిగించిన ప్రతి నట్టుకూ నూనెలో కలిపిన కుంకుమతో, పైడితల్లి అమ్మవారిని తలచుకుని బొట్టు పెట్టాలి. బొట్టుంటే నట్టు బిగిసినట్టే, మళ్లీ చూడక్కర్లేదు. సూరికి పని నేర్పినప్పుడు యర్రయ్య పానా కంటే ముందు ఆ కుంకుమ గిన్నే చేతికిచ్చాడు.

ఇంజిన్ దిగింది. అది కూర్చునే దిమ్మలు కుదిరాయి, గేరుబాక్సు కలిసింది. నట్టుకో బొట్టు పడుతోంది. కరెంటు పోయిన ఓ మధ్యాహ్నం యర్రయ్య వెనక సీటు ఎత్తి ఆ చోటు వంక చూశాడు. చేతులు కట్టేసిన సూరి అందులో ముడుచుకుని పడున్నట్టే అనిపించింది. షెడ్డు బయటికెళ్లి కూర్చున్నాడు. తన చేతులతో తన బిడ్డకే బోను కడుతున్నాడా? ఇది శంకర్ లాంటి ఇంకెందరి ఇళ్ల ముందు ఆగబోతోంది?

లోపలికి వచ్చేసరికి ఇక మిగిలింది పంపు దగ్గర డీజిల్ పైపు నట్టు ఒక్కటే. దాన్ని వేళ్లతో తిప్పి, పానాతో కాస్త బిగించి, అక్కడితో ఆపేశాడు. ఊళ్లో తిరిగినంతసేపూ ఏమీ కాదు. పెగూ దాటాక గతుకులకు నట్టు వదులై పైపులోకి గాలి చొరబడుతుంది. గాలి పట్టిన డీజిల్ ఇంజిన్ తన్నినా కదలదు. ఆ రోడ్డంతా సైన్యం తనిఖీ గేట్లే. వాళ్ల గేటు ముందే వాళ్ల బండి చతికిలబడుతుంది. తప్పు గతుకులదే అనుకుంటారు.

వేలు కుంకుమలో ముంచాడు. "తల్లీ, పిల్లల కోసం," అనుకుంటూ ఆ నట్టుకీ బొట్టు పెట్టేశాడు. పుట్టి బుద్ధెరిగాక అతను పెట్టిన మొదటి దొంగబొట్టు అది.

మర్నాడు పొద్దున్నే సోయ్ విన్ వచ్చి ఇంజిన్ స్టార్ట్ చేశాడు. ఒక్క కుదుపుతో అందుకుంది. బానెట్ కిందికి వంగి చూశాడు.

"ఈ ఎర్ర చుక్కలు అన్నిటికీ ఉన్నాయా, సయా?"

"అన్నిటికీ," అన్నాడు యర్రయ్య, ఈసారి మొహం తొణక్కుండా.

జీపు సందు తిరిగేదాకా చూసి, యర్రయ్య కుంకుమ గిన్నెకు మూత పెట్టాడు. సాయంత్రానికి భయం పోయి, ఏదో పొగరు కూడా వచ్చింది. ఎన్నాళ్లకో ఈలవేసుకుంటూ ఇంటికెళ్లాడు. అన్నం తిన్నాక సూరికి ఈ సంగతి చెప్పి నవ్వించాలనుకున్నాడు.

పైడితల్లి పటం ముందు దీపం వెలుగుతోంది. సింహాచలమ్మ కళ్లు ఏడ్చినట్టున్నాయి, పెదాల మీద మాత్రం నవ్వుంది. పీటల ముందు రెండే కంచాలు పెట్టింది.

"సూరిగాడికి పెట్టవేటే?"

ఆమె మొగుడి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుంది. "నీ మొకాన్ని నమ్మనేక ఇన్నాల్లూ నీకు సెప్పనేదు మావా, కోపగించుకోకు."

"ఏటి సెప్పనేదు?"

"నట్టు నట్టుకీ నీ బొట్టుందని సూసుకునే, మన సూరిగాడు సోయ్ విన్‌తో ఆ జీపెక్కి బ్యాంకాక్‌కి ఎల్లిపోనాడు."