ఎంగిలి గిన్నె

లోపలికి అడుగు పెట్టగానే లాత్సో ముక్కు మూసుకుంది.

పొయ్యి పక్కన మంచాన పడ్డ మేనమామ గెజో వాసనకి ఆమె ముక్కు ఈమధ్యే అలవాటు పడుతోంది. ఇది వేరే వాసన. పచ్చి చేపల నీచు.

మామ కాళ్ళ దగ్గర ఎవరో ఆడమనిషి కూర్చుని ఉంది. నలభై ఏళ్ళుంటాయి. తడిసిన లంగా అంచు నుంచి నేల మీదికి బురద కారుతోంది. గోళ్ళ సందుల్లో చేప పొలుసులు.

"ఎవరమ్మా నువ్వు?"

"సరస్సు అవతలి ఒడ్డు."

"ఒడ్డుకో పేరుంటుంది, ఇంటికో పేరుంటుంది. నీకేమీ లేవా?"

ఆమె మామ వైపు చూసింది. అమ్మ వైపు చూసింది. తల దించుకుంది.

పొయ్యి ముందున్న అమ్మ గరిటెతో కుండ అంచు మీద టంగుమని కొట్టింది. "లాత్సో! గడప దాటి వచ్చిన మనిషికి ముందు టీ పొయ్యి."

"మన కుక్కకే ఇంకా పెట్టలేదు. దాని తర్వాతే ఎవరికైనా."

"దానికే పెట్టమ్మా, నాకేం తొందర లేదు" అని నవ్వింది ఆ మనిషి.

సిగ్గు కూడా లేదు!

లాత్సో ముక్కుకి గుడ్డ కట్టుకుని, చెయ్యి బారెడు చాచి మామకి వెన్న టీ పట్టింది. సగం గడ్డం మీదుగా కారి మళ్ళీ గిన్నెలోనే పడింది.

నాన్నలు రాత్రి వచ్చి తెల్లారగానే తమ అమ్మల ఇళ్ళకి వెళ్ళిపోయే ఊరది. పిల్లల్ని మోసేది మేనమామలే. లాత్సోని సంతకీ, చేపలకీ భుజాల మీద ఎక్కించుకుని తిప్పింది ఈ మామే. అయినా కక్కు వస్తే ఆగుతుందా?

"ఇలా ఇవ్వు."

ఆ మనిషి గిన్నె అందుకుంది. మామ గడ్డం అరచేత్తో తుడిచి, ఆ చెయ్యి తన లంగాకి రాసుకుంది. గిన్నెలో మిగిలింది గటగటా తాగేసింది.

"ఛీ ఛీ! అది చొంగ పడ్డ టీ!"

"వెన్న బాగా వేశావు" అందామె, మూతి తుడుచుకుంటూ.

మామ వేళ్ళు ఆమె లంగా అంచుని పట్టుకున్నాయి. వదల్లేదు.

అప్పుడు తట్టింది లాత్సోకి. డెబ్భై ఏళ్ళ మనిషికి, ఈ చేపలదానితో!



నిలదీద్దామంటే మామ ఎదురుగానే ఉన్నాడు. ఎవరు ఎవరి గదికి వెళ్ళొచ్చారన్న ఊసు మేనమామ చెవిన పడకూడదు, అన్నదమ్ముల చెవిన అసలే పడకూడదు. పొయ్యి దగ్గర ఆ మాట ఎత్తిన ఇల్లు ఇల్లే కాదు.

అడగకుండానే రెక్క పట్టి లేపింది.

"పైగదులకి పట్నం అతిథులొస్తున్నారు. ఇల్లంతా కంపు చేశావు. లే!"

"కాళ్ళు కడిగి వెళ్ళిపోతానమ్మా. ఒక్కసారి."

"మా మామ కాళ్ళు కడగడానికి మేం చచ్చామా?"

గరిటె మళ్ళీ మోగింది. "ఉండనీవే!"

"ఎందుకుండనివ్వాలి? చెప్పు!"

అమ్మ తన అన్న ముఖం చూసింది. మళ్ళీ కుండ వైపు తిరిగింది.

లాత్సో ఆ మనిషిని ఒడ్డు దాకా లాక్కెళ్ళి పడవెక్కించింది. పడవని చేత్తో ముట్టడం ఇష్టంలేక కాలితో నెట్టింది. ఆమెని పట్టుకున్న చెయ్యిని ఇసకతో రుద్ది కడుక్కుంది.

ఇంటికొచ్చి, ముందుగా ఆ గిన్నెని బూడిదేసి తోమడం మొదలుపెట్టింది.

"తోమకు" అంది అమ్మ.

అమ్మ చెయ్యి మామ కళ్ళ మీద ఉంది.

లాత్సో చేతిలో గిన్నె ఆగిపోయింది. "ఎప్పుడు?"

"నువ్వు దాన్ని లాక్కెళ్తుంటే, గడప వైపు చూస్తూ చూస్తూనే." అమ్మ మెల్లగా చెయ్యి తీసింది. "మా అన్నకి ఇంక వినపడదు. ఇప్పుడు చెప్పొచ్చు."

తెరిచిన తలుపులోంచి సరస్సు కనిపిస్తోంది. పడవ చీమంత అయింది.

"వాళ్ళింట్లో మేనమామ లేడే. మీ మామే పోయి వస్తుండేవాడు. నువ్వు పుట్టాక, నిన్ను చూసుకోవాలని అటు వెళ్ళడం మానేశాడు."

లాత్సో ఇంకా గిన్నె వైపే చూస్తోంది.

"నువ్వెక్కి ఊరేగావే, ఆ భుజాలు దాని నాన్నవి."