నడిమి దూలం

సూర్యావతి కాళ్ల గజ్జెలు విప్పించింది మద్దెల ఏసుపాదం.

ఇందులో వాదం లేదు. ముక్తేశ్వరంలో ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. అందరూ ఆమె మొగుడు మాణిక్యం చెప్పగా విన్నవాళ్లే.

అప్పుడు పెళ్లయిన కొత్త. ఊరి నాటక సమాజం వేసే సంగీత నాటకంలో రేవు దాటే నాట్యం సూర్యావతిది. హార్మోనియం మాణిక్యంది. మద్దెలకు మాత్రం ఆ ఒక్క ఆటకని బయటూరి మనిషిని పిలిపించారు. అతనే ఏసుపాదం.

నాట్యం చివరికొచ్చింది. వరదలో పడవ ఊగినట్టు ఊగుతూ, వేదిక నడిమధ్య ఒక్కచోటే కాళ్లు దంచాలి. సరిగ్గా అక్కడ మద్దెల ఆగిపోయింది. మాణిక్యం తలెత్తి చూస్తే మద్దెల ఉంది, వాయించేవాడు లేడు.

జనం ఈలలేశారు.

సూర్యావతి వట్టి గజ్జెల చప్పుడుతోనే ఆట ముగించింది. ఇంటికొచ్చి గజ్జెలు విప్పి అటకెక్కించింది. మళ్లీ కట్టలేదు. సమాజం వాళ్లు కూడా ఆ నాట్యాన్ని నాటకంలోంచి తీసేశారు.

ఏసుపాదం పేరు సూర్యావతి ఎన్నడూ ఎత్తేది కాదు. ఎత్తి తిట్టింది మాణిక్యమే. ఆమె పోయాక ఆ తిట్టడం ఇంకాస్త పెరిగింది.

ఈ ఏడు ఆ నాట్యం మళ్లీ పెట్టాల్సిందేనని పట్టుబట్టింది కుసుమ, ఊరి బడిలో తెలుగు పంతులమ్మ. పాట మాణిక్యం వేళ్లల్లో ఉంది. అడుగుల కోసం ఆనాడు చూసిన ముసలమ్మల గుమ్మాలెక్కి, ఒక్కొక్కరినీ లేపి నిలబెట్టి రాబట్టింది. ఈసారి ఒక్కరు కాదు, ఆడపిల్లలు గుంపుగా ఆడతారు.

“మద్దెల ఆగకూడదమ్మా. నాక్కావాల్సింది అదొక్కటే,” అన్నాడు మాణిక్యం.

“ఆగదండి బాబయ్యగారూ. కావాలంటే మద్దెల వాయించే మన నాగసతీష్‌ని దానికే కట్టేద్దాం.”

ఆట ముందురోజు మధ్యాహ్నం, వేదిక మీద ఆఖరి రిహార్సల్ జరుగుతుండగా ఒక ముసలాయన వచ్చాడు. బక్కమనిషి. తెల్లగడ్డం. కుడి భుజం కిందికి కుంగిపోయి, ఆ చెయ్యి వేలాడుతోంది. ఉప్పలగుప్తం వైపు రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉంటానని, మైకు ఆటోలో నాట్యం సంగతి విని బస్సెక్కానని చెప్పాడు.

ఆయన ఆట చూడలేదు. వేదిక చుట్టూ తిరిగి పలకలు తట్టి చూశాడు.

“నడిమి దూలం తాటిదాండీ, కొబ్బరిదాండీ?”

“నాటకం చూడ్డానికొచ్చేరా, ఇల్లు కట్టడానికొచ్చేరా?” అన్నాడు మాణిక్యం.

ఆడపిల్లలు నవ్వారు. ముసలాయన కూడా నవ్వాడు.

“ఆయ్, చూడ్డానికేనండీ.”

కాసేపటికి ఆయన కనబడలేదు. వెళ్లిపోయాడనుకున్నారు. నాట్యం మధ్యలో నాగదుర్గ అనే పిల్ల చటుక్కున ఆగి, పలకల కింద ఎవరో ఉన్నారంది.

మాణిక్యం వంగి చూశాడు. ముసలాయన వేదిక కింద మట్టిలో కూర్చుని ఉన్నాడు. ఆయన్ని చొక్కా పట్టుకుని బయటికి లాగాడు.

“దూలం చూస్తున్నానండీ.”

“ఈ వయసులో ఆడపిల్లల కాళ్ల కింద చూడ్డానికి దూలమే దొరికిందాండీ?”

ఈసారి ఎవరూ నవ్వలేదు. ముసలాయన ఎడంచేత్తో పంచె దులుపుకున్నాడు. కుసుమ వైపు తిరిగాడు.

“రేపు ధైర్యంగా ఆడించండమ్మా,” అని చెప్పి రోడ్డెక్కాడు.

రేపు ఈ ఛాయల్లో కనబడితే కాళ్లు విరగ్గొడతానని మాణిక్యం వెనకనుంచి కేకేశాడు. ఆయన తిరిగి చూడలేదు.

మర్నాటి ఆట బ్రహ్మాండంగా సాగింది. సూర్యావతి గజ్జెలు హార్మోనియం పెట్టె మీద పెట్టుకుని వాయించాడు మాణిక్యం. ఆడపిల్లలంతా నడిమధ్యకు చేరి దంచారు. మద్దెల ఆగలేదు. జనం వన్స్‌మోర్ అంటే మొత్తం మళ్లీ ఆడారు. అప్పుడూ ఆగలేదు.

ఎక్కడున్నాడో ఆ ఏసుపాదం, వచ్చి వినాల్సింది అనుకున్నాడు మాణిక్యం.

తెల్లారి, వేదిక అద్దెకిచ్చే ఆలమూరు జోజి పలకలు విప్పుతూ కేకేసి పిలిచాడు.

నడిమి దూలం కొబ్బరి దుంగ. పైకి ఇనుములా ఉంది, లోపలంతా పిప్పి. నడిమధ్య అడ్డంగా పగిలింది. పగిలినచోట దాని కింద తాటి మొద్దొకటి నిలబెట్టి, తాడు చుట్టి బిగించి ఉంది. దూలం ఆ మొద్దు మీదే ఆగింది.

“మాటల నాటకానికి కొబ్బరి చాలండీ. దంచుడుందని నాకెవరు చెప్పేరు?” అన్నాడు జోజి. “ఈ మొద్దు నేను పెట్టింది కాదండీ.”

కుడి భుజం కుంగిన ముసలాడొకడు కింద దూరాడని, తరిమేశానని చెప్పాడు మాణిక్యం.

జోజి చేతిలో పలక కింద పెట్టేశాడు.

“తరిమేసేరా?”

“ఎవరాయన?”

“మా నాన్న పోయేడు కాబట్టి చెప్తున్నానండీ. ఆనాటి వేదికా మాదే. అప్పుడూ కొబ్బరి దూలమే. అది పగిలే చప్పుడు మద్దెల దగ్గరున్నాయనకి వినబడింది. లేచి పారిపోయేడని మీరంటారు. ఆయన వెళ్లింది వేదిక కిందికండీ. అమ్మగారు ఆట ముగించేదాకా దూలాన్ని భుజాన మోసేడు. ఆ భుజం మళ్లీ లేవలేదు. మద్దెల మళ్లీ పట్టలేదు.”

మాణిక్యం వంగి, ఆ మొద్దుకు చుట్టిన తాడు ముట్టుకుని చూశాడు.

“బయటపడితే మాకు పనెవరిస్తారని మా నాన్న ఆయన కాళ్ల మీద పడ్డాడండీ. ఆయన ఆయ్ అన్నాడు. అంతే, ఇంకెక్కడా చెప్పలేదు.”

అప్పుడే కుసుమ వచ్చింది. మొహం వెలిగిపోతోంది. ఆడపిల్లలు అడుగుతున్నారట, ఆనాడు మద్దెల ఎందుకాగిందో బాబయ్యగారి నోట మళ్లీ వినాలని.

మాణిక్యం హార్మోనియం పెట్టె మీది గజ్జెలు తువ్వాలులో మూటకట్టాడు.

“ఆ సంగతి నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకమ్మా,” అన్నాడు.