తుంచని రొట్టె

వంతెన మీద గాడిదబండి కనిపించగానే కెంజెబెక్‌కి ఒళ్ళు మండిపోయింది.

బండి నిండా ఎండుగడ్డి. పగ్గం పట్టుకుని ఓ ముసలాయన. నెత్తిన అవతలి గట్టు ఉజ్బెక్కులు పెట్టుకునే నల్లటోపీ.

"ఎంత గుండెరా వీళ్ళకి!" పార విసిరికొట్టాడు కెంజెబెక్. "దోచుకుపోయింది చాలక, పట్టపగలే వస్తున్నారు!"

మండదూ మరి? ఇవతల కిర్గిజులు, అవతల ఉజ్బెక్కులు, మధ్యలో కాలవ. రెండు దేశాల స్నేహమనీ, పొగరాని కరెంటనీ ఎక్కడెక్కడి దొరలో వచ్చి, రెండూళ్ళకీ కలిపి ఈ గట్టున సోలార్ పలకలు పెట్టారు. వాటితో నడిచే పంపు బిగించారు. ఆరోజు రెండూళ్ళ పెద్దలూ ఒకే రొట్టె తుంచుకు తిన్నారు. దొరలు ఫొటోలు దిగి వెళ్ళిపోయారు.

ఈ వేసవిలో పలకలు మాయమయ్యాయి. అవతలి గట్టువాళ్ళ పనేనంది ఇవతలి ఊరంతా.

కాలవలో నీళ్ళున్నాయి. మెట్టమీది ఖుబానీ తోటకి ఎక్కించే దిక్కే లేదు. కెంజెబెక్ తండ్రి నాటిన చెట్లు కళ్ళముందే ఎండిపోతున్నాయి. ఆఫీసుకెళ్ళి మొత్తుకుంటే, "వచ్చే ఏడు కొత్త ప్రాజెక్టులో చూద్దాం" అన్నారు. వాళ్ళ చూపులు తగలెయ్య!

ముసలాయన బండి ఆపాడు. చంకలోని మూట విప్పి, గుండ్రటి రొట్టెని రెండు చేతుల్తో ముందుకు చాచాడు.

"నా పేరు ఎర్గాష్, నాయనా. ముందు ఓ ముక్క తుంచు. ఆనక చెబుతాను."

ఆ నేలమీద తప్పు ఒప్పుకోవడానికి వచ్చినవాడు రొట్టెతోనే వస్తాడు. ఎదుటివాడు తుంచాకే నోరు విప్పుతాడు. పగవాడు చాచినా రొట్టె కాదనరు.

అది తెలుసు గనకే కెంజెబెక్‌కి ఇంకా మండింది.

"తిన్న నోటితో తిట్టకూడదు, అదేగా నీ ఎత్తు! పలకలెక్కడ?"

"తుంచు నాయనా, చెబుతా."

"చెప్పాకే తుంచుతా!"

"తుంచందే చెప్పే మాట కాదయ్యా అది."

వెనకే వచ్చిన భార్య సల్తనత్ అతని చెయ్యి పట్టుకుంది. "రొట్టెతో కోపమేమిటయ్యా? ఓ ముక్క నోట్లో వేసుకుంటే నీ సొమ్మేం పోయింది?"

"నువ్వు నోర్ముయ్! పోయిన చెట్లు చాలవా?"

చెయ్యి విదిలించి ఒక్క దెబ్బ కొట్టాడు. రొట్టె ఎగిరి దుమ్ములో పడింది.

కేకలు విని చుట్టూ చేరినవాళ్ళు ఉలిక్కిపడ్డారు. తప్పతాగినవాడు కూడా ఆ ఊళ్ళో అలాంటి పని చెయ్యలేదు.

తప్పు చేశానని కెంజెబెక్‌కీ తెలిసింది. దాంతో కోపం రెట్టింపయింది.

"మన నీళ్ళు తాగి పెరిగిన గడ్డి! తోసెయ్యండ్రా కాలవలోకి!"

"గాడిదేం చేసింది పాపం" అంటూ ఎవరో దాన్ని విప్పి పక్కకి తోలారు. నలుగురు బండికి భుజాలు ఆనించారు.

ముసలాయన చక్రాన్ని కావలించుకున్నాడు.

"వద్దయ్యా! నన్ను కొట్టండి! బండిని మాత్రం ముట్టుకోకండి!"

"చూశారా, గడ్డికున్న విలువ మన చెట్లకి లేదు!" అని కెంజెబెక్ ఆయన్ని రెక్కపట్టి లాగేశాడు.

బండి వంతెన అంచు మీద ఊగి, కింద బండరాళ్ళ మీద బోర్లా పడింది.

గడ్డి పడిన చప్పుడు కాదది. గాజు పగిలిన చప్పుడు.

గడ్డి నీళ్ళలో కొట్టుకుపోయింది. రాళ్ళ మీద నీలంగా మెరుస్తూ సోలార్ పలకలు మిగిలాయి. ఒక్కటీ బతకలేదు.



ముసలాయన వంగి రొట్టె తీశాడు. దుమ్ము దులిపి, కళ్ళకద్దుకుని, వంతెన మొదట్లో ఎత్తుగా ఉన్న రాయిమీద పెట్టాడు.

"తాతా..." కెంజెబెక్ వంతెన అంచుకొచ్చి కిందికి చూశాడు. "ఇవి... నీకెక్కడివి?"

"తుంచితే చెబుదామనుకున్నా నాయనా" అన్నాడు ఎర్గాష్, గాడిద పగ్గం అందుకుంటూ. "ఎత్తుకుపోయింది నా కొడుకే. పొద్దున్నే వాణ్ణి నా చేతుల్తో పోలీసులకి అప్పగించి, పలకలు మళ్ళీ ఈ గట్టుకి చేర్చుదామని వచ్చాను."