అద్దాల గదిలో మనిషి

"ఈ చోటు గురించి మీకెవరు చెప్పారు?"

దరఖాస్తు నింపుతున్న ఇన్‌యంగ్ చేతిలో కలం ఆగిపోయింది. ఎదురుగా కూర్చున్న మేనేజరు ప్యో ముఖంలో నవ్వు లేదు. నలభై అయిదేళ్ళుంటాయి. కుర్చీని గోడకి ఆనించి, వీధి తలుపుకేసి తిరిగి కూర్చున్నాడు.

"ఎవరూ చెప్పలేదండి. బస్సులోంచి బోర్డు చూశాను."

"ఏ ఊరు మీది?"

"కున్సాన్." నోటికొచ్చిన ఊరి పేరు చెప్పేసింది.

ఆయన ముఖం పాలిపోయింది. అబద్ధం దొరికిపోయిందనుకుంది ఇన్‌యంగ్. ఆయన మరేమీ అడగకుండా, తన అద్దాల గదికి సరిగ్గా ఎదురుగా ఉన్న బల్ల చూపించాడు.

"అక్కడ కూర్చోండి. నాకు కనబడేలా."

ఇంఛన్‌లో భర్త ఇల్లు వదిలి, ఒక్క సంచితో ఈ సముద్రపు ఊరు తొంగ్‌యంగ్‌కి వచ్చి ఇరవై రోజులయింది. బొమ్మల కథలకి రంగులు వేయడం ఆమె పని. అద్దె గదిలో బల్ల కూడా పట్టదు. అందుకే నలుగురూ పంచుకునే ఈ ఆఫీసులో చోటు తీసుకుంది.

పారిపోవడం ఇది మొదటిసారి కాదు. ఇంతకుముందు సువన్‌లో దాక్కుంటే భర్త రెండు నెలల్లో పట్టేసుకున్నాడు. ఆమె ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో అతనికి చేరవేసింది ఆ భవనం వాచ్‌మనే. పదేళ్ళుగా అక్కడే పనిచేస్తున్న, రోజూ నవ్వుతూ పలకరించే పెద్దాయన. ఆ తరవాత ఆమె పక్కటెముకలు అతుక్కోవడానికి ఆరు వారాలు పట్టింది. అప్పటినుంచి ప్రశ్నలడిగే మనిషి కనబడితే చాలు, తలుపు ఎటుందో చూసుకుంటుంది.

ప్యో ప్రశ్నలు ఆగలేదు.

"ఫోన్‌లో ఎవరండీ?"

"పని ఇచ్చేవాళ్ళు."

"ఇక్కడ ఎన్నాళ్ళుంటారు?"

"ఇంకా అనుకోలేదు."

ఒకరోజు కిటికీలోంచి కనిపించే పడవలని ఫోటో తీయబోతే పరుగున వచ్చి అడ్డం నిలబడ్డాడు. "లోపల ఫోటోలు తీయకూడదు!" చాచిన చేతిమీద మణికట్టు నుంచి మోచేతి దాకా కాలిన మచ్చ. ఎలాంటి గొడవల్లో తిరిగిన మనిషో అనుకుని ఇన్‌యంగ్ కళ్ళు దించుకుంది.

పక్క బల్ల కుక్ అక్క ఎండు నెత్తళ్ళు నెట్‌లో అమ్ముతుంది. ఎవరినైనా ఆటపట్టించనిదే ఆవిడకి తోచదు.

"ఏమ్మాయ్, మన మేనేజరు కళ్ళు నీమీదే ఉన్నాయి. పడిపోయాడా ఏంటి?"

"ఊరుకో అక్కా. ఆయనది ఏ ఊరు?"

"ఎవరికి తెలుసు! వచ్చి ఆర్నెల్లయింది. అడిగితే మాట మారుస్తాడు. మాతో ఒక్క ముద్ద తిన్నది లేదు. కానీ నీ సంగతులు మాత్రం గుచ్చిగుచ్చి అడిగాడు నన్ను."

"ఏం అడిగాడు?"

"ఒంటరిగానే వచ్చిందా, వెనకాల ఎవరైనా ఉన్నారా అని. పెళ్ళిచూపులనుకున్నాను నేను!" ఆవిడ పకపకా నవ్వింది. ఇన్‌యంగ్ తింటున్న కింబాప్ అన్నం చుట్టని డబ్బాలో పెట్టేసి మూత వేసింది.

ఆ సాయంత్రం బస్టాపులో నిలబడి అటూ ఇటూ చూస్తే, మందుల షాపు బోర్డు చాటున ప్యో. చూపు కలవగానే గొడుగు దించి ముఖం దాచుకున్నాడు. ఇన్‌యంగ్ ముందొచ్చిన బస్సు ఎక్కేసింది. ఎటు పోతుందో కూడా చూడలేదు. ఊరంతా తిరిగి, రేవు దగ్గర దిగి, వానలో తడుస్తూ గదికి చేరింది. తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకుంది.

మర్నాడు శనివారం. మధ్యాహ్నం కుక్ అక్క భోజనానికి వెళ్ళింది. ఆఫీసులో ఇన్‌యంగ్, మేనేజరు ఇద్దరే మిగిలారు. మంచినీళ్ళ క్యాన్లు దింపించడానికి ప్యో మెట్లు దిగాడు. అద్దాల గది తలుపు తెరిచే ఉంది. బల్లమీద నోటుపుస్తకం.

ఇన్‌యంగ్ కాళ్ళు వాటంతటవే అటు నడిచాయి.

'తొమ్మిదీ పదికి వచ్చింది. పదకొండున్నరకి మెట్ల దగ్గర ఫోను, నాలుగు నిమిషాలు. గొంతు తగ్గించి మాట్లాడింది. కున్సాన్ అంది, యాస అది కాదు. పేరైనా నిజమేనా?'

ఆఫీసులో చేరిన రోజునుంచీ అన్నీ ఉన్నాయి అందులో. ఒక్క పూట కూడా పోలేదు.

సంచి తీసుకుని పరిగెత్తాలనుకుంది. ఎక్కడికి? ఇంకో ఊరు, ఇంకో గది, మళ్ళీ ఇంకో వాచ్‌మన్. బల్లమీది కాగితాలు కోసే కత్తి అందుకుని అక్కడే నిలబడింది.

గుమ్మంలోకొచ్చిన ప్యో ఆమెనీ, తెరిచున్న పుస్తకాన్నీ, కత్తినీ చూశాడు. చేతిలోని రసీదు జారిపోయింది.

"ఇన్‌యంగ్ గారూ, అది కింద పెట్టండి..."

"దగ్గరికి రాకండి!" కత్తి ముందుకి చాచింది. "ఎంతిస్తున్నాడు మీకు? ఇంకా ఫోన్ చేయలేదా? చేసేశారా?"

"ఎవరికి?"

"నాటకాలొద్దు! నా భర్తకి! ఇదిగో, ఇది కూడా మీ పుస్తకంలో రాసుకోండి. నేను ఆ ఇంటికి రాను. ఎముకలన్నీ విరగ్గొట్టినా సరే, రానని చెప్పండి!"

ప్యో వెనక్కి జరిగి గోడకి కొట్టుకున్నాడు. అలాగే జారి నేలమీద కూలబడ్డాడు. కాలిన చేతిని పొట్టకి అదుముకుని ఆమె ముఖంలోకి, మొట్టమొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"అయితే కున్సాన్ నుంచి మిమ్మల్ని పంపింది నా భార్య కాదా?"