మూడేళ్ళ వారంటీ

"ప్రతి పార్టుకూ మూడేళ్ళ వారంటీ ఉంటది అంకుల్" అని అభిలాష్ అనగానే జోగారావు కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"మూడేళ్ళూ మీ షాపు ఇక్కడే ఉంటుందా బాబూ?"

అభిలాష్‌కి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ ఎదురుగా ఉన్న కాంప్లెక్స్‌లో, రెండో అంతస్తులో, ఉద్యోగం మానేసి మరీ తెరిచిన షాపు అది. ఎవరికి కావలసినట్టు వాళ్ళకి పార్టులు ఎంచి కంప్యూటర్ బిగించి ఇస్తాడు. అడిగేవాళ్ళకి కొదవలేదు. గంటసేపు కూర్చుని, ఏది మంచిదో అంతా చెప్పించుకుని, చల్లగా ఇంటికెళ్ళి ఆన్‌లైన్‌లో కొనుక్కుంటారు. ఈ నెల ఒక్క కంప్యూటరూ అమ్ముడుపోలేదు. ఈ బేరం మాత్రం చేజారకూడదని గట్టిగా అనుకున్నాడు.

మన్సూరాబాద్ నుంచి వచ్చిన ఈ ముగ్గురూ వేరే ఏ షాపు గడపా తొక్కకుండా నేరుగా మెట్లెక్కి వచ్చారు. అదే పెద్ద వింత. కంప్యూటర్ కొనడానికి అమ్మానాన్నలిద్దరినీ వెంటబెట్టుకొచ్చిన అమ్మాయిని చూడటం కూడా అతనికిదే మొదలు.

"యాడికి వోత అంకుల్? షాపు కిరాయిదే గానీ ఇల్లు సొంతం. మూసారాంబాగ్‌ల. అర్ధరాత్రి ఫోన్ చేసినా వస్త."

"మీరు ఊళ్ళో లేకపోతే ఫోనెవరు ఎత్తుతారు? ఇంట్లో ఇంకెవరుంటారు?"

"అమ్మ, బాపు ఉంటరు. అక్క పెండ్లయి నకిరేకల్‌ల ఉంటది."

జోగారావు తల పంకించాడు. ఈయన వారంటీ పిచ్చి పాడుగానూ అనుకున్నాడు అభిలాష్.

ఆ అమ్మాయి పేరు మృదుల. పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తుంది. పాత ల్యాప్‌టాప్ తలంబ్రాల దాకా వచ్చి అక్కడే బిగుసుకుపోతోంది. పని అయ్యాక గేములు ఆడుతుంది. రెండింటికీ పనికొచ్చేది, తను దాచుకున్న డబ్బుల్లోనే రావాలంది.

"అద్దాల కేబినెట్ కావాలి. లోపల రంగురంగుల లైట్లు వెలగాలి" అంది.

"లైట్లతోని వీడియో జల్ది తయారు గాదు మేడం. గా పైసలు గ్రాఫిక్స్ కార్డుల పెట్టండి. గేముకూ అదే, ఎడిటింగుకూ అదే."

"పోనీ, ప్రాసెసర్ అన్నిటికంటే ఖరీదైంది వేయండి."

"మీ పనికి నడుమ రకం చాలు."

జోగారావు అడ్డొచ్చాడు. "ఎక్కువ రేటుది అడుగుతుంటే వద్దంటారేంటి బాబూ?"

"గంత అక్కర లేదని రేపు తెలుస్తది గద అంకుల్. తెలిసినంక నా మొఖం ఎట్ల చూపియ్యాలె?"

మృదుల తల వంచుకుని నవ్వింది. జోగారావు వదిలితేగా!

"సెకండ్ హ్యాండ్ కార్డులు చౌకగా దొరుకుతాయటగా?"

"దొరుకుతయి. కానీ ఇంతకుముందు ఎవరు ఎట్ల వాడిన్రో మనకేం తెలుసు?"

"అది నిజమే. ఏదైనా బాగా వాకబు చేసుకునే తీసుకోవాలి" అని పెద్దాయన భార్య వైపు చూశాడు. ఆవిడ అవునన్నట్టు కళ్ళార్పింది.

ర్యామ్ దగ్గరికొచ్చేసరికి అభిలాషే నిట్టూర్చాడు. దాని ధరలు మండిపోతున్నాయి. "ఒక్క పెద్దది ఏసేకంటే రెండు చిన్నయి జంటగ ఏస్తే మంచిగ నడుస్తది మేడం" అన్నాడు. పవర్ సప్లై దగ్గర మాత్రం పిసినారితనం వద్దన్నాడు. అది చెడితే పక్కనున్నవాటిని కూడా పాడుచేస్తుందట.

"అన్నట్టు, సిగరెట్ పొగకి లోపలంతా మసి పడుతుందంటారు. ఇక్కడెవరైనా కాలుస్తారా?" జోగారావు గాలి పీల్చి చూశాడు.

"మా దగ్గర ఎవ్వలు కాల్చరు అంకుల్. నాకసలు ఆ వాసనే పడదు."

ఈసారి మృదుల తల్లి కుసుమకుమారి అందుకుంది. "మా అమ్మాయి కొంచెం తొందరమనిషి బాబూ. అది పనిచేయట్లేదు, ఇది పనిచేయట్లేదని రోజుకి పదిసార్లు ఫోన్ చేస్తే విసుక్కోరు కదా?"

"ఎందుకు విసుక్కుంట ఆంటీ? వాట్సాప్‌ల ఫోటో ఎట్ల పంపాల్నని మా అమ్మ దినాం అడుగుతది. దినాం చెప్తనే ఉంట."

ఆవిడ ముఖం విప్పారింది.

జోగారావు లేచాడు. "ఆలోచించుకుని చెప్తాం."

ఈ బేరమూ పోయిందనుకున్నాడు అభిలాష్. ఆ మాట అన్న ఏ ఒక్కరూ మళ్ళీ ఆ మెట్లెక్కలేదు. అయినా మర్యాదకి తలుపు దాకా వెళ్ళి సాగనంపాడు.

అద్దం తలుపు అవతల ముగ్గురూ తలలు దగ్గరపెట్టి మాట్లాడుకుంటున్నారు. తండ్రి ఏదో అడిగాడు. మృదుల తల ఊపింది. తల్లి ఆమె బుగ్గ గిల్లింది. కంప్యూటర్‌కి ఇంత మురిపెమా అని అభిలాష్ ఆశ్చర్యపోయాడు.

తలుపు తెరుచుకుంది. మృదుల ఒక్కతే వచ్చింది.

"నాన్నకి నచ్చింది. ఖాయం చేసుకోమన్నారు."

"ఏ కేబినెట్ మేడం?"

"లైట్లు లేనిదే!" అని నవ్వి, ఫోన్‌లో అడ్వాన్సు పంపింది. "ఆదివారం మీరే మా ఇంటికొచ్చి బిగించాలి. వేరే ఎవరినీ పంపొద్దు."

"నేనే వస్త మేడం, పక్కా!" అభిలాష్‌కి ఎగిరి గంతేయాలనిపించింది. ఆమె వెళ్ళగానే వేశాడు కూడా.

కింద మెట్రో మెట్ల దగ్గర జోగారావు ఫోన్ తీశాడు.

"విశ్వేశ్వరరావు గారూ, మేమెవరమో చెప్పకుండానే మీరన్న అబ్బాయిని చూసొచ్చాం, ఆదివారం ఎలాగూ కంప్యూటర్ బిగించడానికి మా ఇంటికొస్తున్నాడు కాబట్టి వాళ్ళ అమ్మానాన్నల్ని కూడా వెంటబెట్టుకు రమ్మనండి, పెళ్ళిచూపులు కూడా అప్పుడే కానిచ్చేద్దాం!"