బ్రేకు మీద కాలు

"తుక్కు బళ్ళు కొనే ఆయన సాయంత్రం వచ్చి కారు పట్టుకుపోతాడు. ఆ పానాలవీ సర్దేసి లోపలికి రా అమ్మాయ్," అన్నాడు బావగారు గేటు దగ్గర నిలబడి.

"సాయంత్రానికి కారు నడుస్తుంది బావగారూ," అంది చిన్నకోడలు తలెత్తకుండానే.

"ఎవరు బాగుచేస్తారేం?"

"నేనే."

బావగారు ఫక్కున నవ్వి లోపలికి వెళ్ళిపోయాడు. చిన్నకోడలికి ఒళ్ళు మండిపోయింది.

ముందు ఎడమ చక్రం దగ్గరి సీవీ జాయింటు పోయింది. ఇంజను బలాన్ని చక్రానికి అందించే కీలు అది. మలుపు తిరిగినప్పుడల్లా టకటకమంటోందని ఆమె ఎన్నాళ్ళుగానో మొత్తుకుంటోంది. పైనున్న రబ్బరు తొడుగు చిరిగి గ్రీజంతా కారిపోతోందని కూడా చెప్పింది. వింటేగా! చివరికి జాయింటు విరిగి, కారు ఇంటి ముందే చతికిలబడింది.

"పాత బండికి ఖర్చు దండగ. తుక్కుకిచ్చేద్దాం," అని బావగారు తేల్చేశాడు. కారు ఇంటిదే అయినా కాగితాల మీద పేరు ఆయనది మరి.

కానీ వంటింట్లో ఉండగా ఆమె చెవిన పడ్డ మాట వేరు.

"కారు లేకపోతే ఉద్యోగం తనే మానేస్తుందిలేరా," అంటున్నాడు తమ్ముడితో.

ఆ తమ్ముడు, అంటే ఆమె మొగుడు, ఊఁ అనలేదు, ఉహుఁ అనలేదు. అన్నగారి ముందు ఆయనకు నోట్లో నాలుక ఉండదు.

ఆమె ఉద్యోగం ఊరికి దూరంగా పాల ఫ్యాక్టరీలో, పాలు పరీక్షించే గదిలో. డ్యూటీ తెల్లవారుజామున. ఆ వేళకు బస్సుండదు. కారు పోతే ఉద్యోగం పోయినట్టే.

"మానిపిస్తారా? చూద్దాం ఎలా మానిపిస్తారో!" అనుకుని ఇంజను నుంచి చక్రానికి వెళ్ళే కొత్త షాఫ్టు, జాయింటుతో సహా కొనుక్కొచ్చింది. ఎలా మార్చాలో వీడియోలు చూసీ చూసీ బట్టీ పట్టింది.

తీరా మొదలెడితే ఆదిలోనే చుక్కెదురు. చక్రం మధ్యనున్న పెద్ద నట్టు విప్పాలంటే చక్రం తిరక్కూడదు. అందుకు ఎవరో ఒకరు కార్లో కూర్చుని బ్రేకు తొక్కి పట్టాలి.

మొగుణ్ణి పిలిచింది.

"అన్నయ్య చూస్తే బాగుండదేమో," అన్నాడాయన కిటికీలోంచి.

"అయితే మీరక్కడే ఉండండి, కిటికీకి కాపలాగా!"

అప్పుడే వీధిలో నడిచొస్తున్న ఒక పెద్దాయన కారు దగ్గర ఆగాడు.

"అమ్మా, నేను..."

"మీరెవరైనా సరే బాబాయిగారూ, కాళ్ళున్నాయిగా! కాస్త లోపల కూర్చుని బ్రేకు తొక్కండి."

పెద్దాయన ఆమెను చూశాడు. నేల మీద పరిచిన పానాలను చూశాడు. ఎక్కి కూర్చున్నాడు.

ఆమె పానాకు పొడవాటి ఇనప గొట్టం తొడిగి దాని మీద ఎక్కి నిలబడింది. నట్టు కదల్లేదు.

"ఊడదేమోనమ్మా!"

"దాని తాత దిగొచ్చినా ఊడాల్సిందే. మీరు కాలు తీయకండి."

"పాత బండే కదా, ఎందుకింత పంతం?"

"బండి పాతదే బాబాయిగారూ, దాన్ని అడ్డం పెట్టుకుని నా ఉద్యోగం మానిపించాలని చూస్తున్నారు. ఆ తుక్కాయన రానీ, ఈ గొట్టంతోనే ఎదురెళ్తా!"

"పాపం, ఆయనేం చేశాడమ్మా?"

"ఒకరి నోటికాడి కూడు తూకానికి కొనుక్కుపోయేవాడు మనిషేనా?"

పెద్దాయన బ్రేకు మీద కాలు ఇంకాస్త గట్టిగా అదిమాడు.

ఈసారి ఆమె ఎగిరి గొట్టం మీదికి దూకింది. నట్టు కిర్రుమని కదిలింది.

"ఊడిందీ!" అని వీధంతా వినబడేలా అరిచింది. చెమట తుడుచుకుని, సీసాడు నీళ్ళు తాగి, జాకీ తెచ్చి చూసేసరికి పెద్దాయన ఇంకా బ్రేకు తొక్కే ఉన్నాడు.

"అయ్యో, ఇంకా తీయలేదా!"

"మీరు తీయమనలేదుగా."

ఆయన దిగాక కారు లేపి, చక్రం విప్పి, పాత షాఫ్టు లాగేసి కొత్తది ఎక్కించేసరికి మధ్యాహ్నం దాటింది. మోచేతుల దాకా గ్రీజు. పెద్దాయన గోడనీడన కూర్చుని అంతా చూస్తూనే ఉన్నాడు. చక్రం తగిలించి జాకీ దింపగానే, పిలవకుండానే వెళ్ళి మళ్ళీ బ్రేకు తొక్కాడు. నట్టు ఎంత బిగించినా ఆమెకు ఓ పట్టాన తృప్తి కలగలేదు.

"వస్తానమ్మా," అన్నాడు చివరికి దిగి.

"మంచిది బాబాయిగారూ," అంది ఆమె, అప్పటికే తాళం తిప్పుతూ. ఆయన పేరడగలేదు. గుక్కెడు మంచినీళ్ళైనా ఇవ్వలేదు.

కారు కదిలింది. వీధి చివరి ఖాళీ జాగాలో స్టీరింగు ఆ కొసకూ ఈ కొసకూ తిప్పి గిరగిరా తిరిగింది. ఎక్కడా చప్పుడు లేదు. ఏడుపూ నవ్వూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

తిరిగొచ్చేసరికి బావగారు గేటు దగ్గరే ఉన్నాడు. చేతిలో ఫోను, మొహం మాడిపోయి ఉంది.

"తాళం ఇకనుంచి నా దగ్గరే ఉంటుంది బావగారూ. రేపు డ్యూటీకి వెళ్ళాలి. మీ తుక్కాయన్ని రమ్మనండి, నేనే మాట్లాడతా."

"ఇంకేం వస్తాడు! బండి ఎలా ఉందోనని ముందే వచ్చి చూసుకున్నాడట. నడిచే బండిని ముక్కలు చెయ్యనన్నాడు. తనకు తెలిసిన తుక్కువాళ్ళనెవర్నీ ఈ గడప తొక్కనివ్వడట కూడా."

"ఎప్పుడొచ్చాడు? పొద్దుట్నుంచీ నేనిక్కడే ఉన్నాగా!"

"నాకేం తెలుసు? నీకు మాత్రం ఓ మాట చెప్పమన్నాడు," అన్నాడు బావగారు చిరాగ్గా. "బ్రేకు తొక్కీ తొక్కీ కాలు ఇంకా లాగుతోందట."